మైనస్‌లో కురిసిన వాన

బిలాస్‌పూర్ శివారు ఉస్లాపూర్‌లోని ఇంట్లో ఆ ఉదయం ప్రసూన భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. పక్కనే పెట్టుకున్న టీ ఎప్పుడో చల్లారిపోయింది.

ఊళ్లోని వ్యవసాయ కళాశాలలో వాతావరణ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నారని తెలిసి, రాయ్‌పూర్ హాస్టల్లో ఉన్న కూతురు ప్రత్యూష పట్టుబట్టి తల్లిని చేర్పించింది. శనివారం పరీక్ష. నెగ్గితే అక్కడే చిన్న ఉద్యోగం. శ్రీకాకుళంలో బీఎస్సీ లెక్కలు చదివిన ప్రసూన పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చి ఇరవై రెండేళ్లు. ఆ చదువు సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు.

సాధన కోసం ఒక ఊళ్లో ఏడేళ్లుగా నమోదైన వానల పట్టిక ఇచ్చి, జులైలో రోజుకు సగటున ఎంత కురిసిందో తేల్చమన్నారు. మూడు రోజులుగా తప్పు జవాబే వస్తోంది.

"కోడలా, బాబొచ్చే వేళయింది. తానానికి నీళ్లు పెట్టినావా?" అత్తగారు అసిరమ్మ వంటగదిలోంచి కేకేసింది.

"అయ్యో, మర్చిపోయానత్తా!"

అంతలోనే నాగేంద్ర లోపలికొచ్చాడు. గూడ్స్ బండి లోకో పైలట్. రాత్రంతా డ్యూటీ చేసిన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీళ్లూ లేవు, టిఫినూ లేదా?" అంటూ తెర మీదికి వంగాడు. "మైనస్ పద్నాలుగా! వాన భూమ్మీంచి పైకి పోయిందేటి?" పెద్దగా నవ్వాడు.

"నవ్వకండి."

"మరేటి చెయ్యమంటావు? ఈ వయసులో నీకిదంతా అవసరమా? నాకు సరిగ్గా నిద్ర లేకపోతే సిగ్నల్ తప్పుతాను, తెలుసా? మానీయ్, బస్, చాలు!" ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

ప్రసూన లేచి నిలబడింది.

"మీ నిద్ర విలువ నాకు తెలీదా? మీరు పడుకుంటే ఈ ఇంట్లో కుక్కర్ కూత కూడా వినపడనివ్వలేదు. పాపకి గొంతెత్తి పాఠం చెప్పలేదు. నేనడిగింది పొద్దున్నే రెండు గంటలు." ఆమె ల్యాప్‌టాప్ తన దగ్గరికి లాక్కుంది. "నవ్వితే నవ్వండి. మానమని మాత్రం అనకండి."

అసిరమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఒరే, నీ డ్యూటీ అంటే ఇంటిల్లిపాదీ గప్‌చుప్‌గా ఉంటాం. కోడలిది డ్యూటీ కాదేటి? నీళ్లు నేను పెట్టినాను. పో, తానం చెయ్యి."

నాగేంద్ర స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చాక పడకగదిలోకి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చుని, మూత తనే తెరిచాడు.

"చూపించు. ఈ మైనస్ తొంభైతొమ్మిదేటి? చాలాచోట్ల ఉంది."

"అదే తెలీడం లేదు. సున్నా అనుకోవాలేమో."

"మా ఇంజన్లో స్పీడు మీటరు పాడైతే బండి ఆగిపోయినట్టా? రీడింగ్ లేదంతే. ఆ రోజు కొలిచేవాడు రాలేదేమో."

ప్రసూన చెయ్యి ఆగిపోయింది. వాన పడకపోవడం వేరు, ఎవరూ కొలవకపోవడం వేరు. ఆ గళ్లన్నీ ఖాళీ కింద లెక్కించమని, సగటులో కలపొద్దని కంప్యూటర్‌కి చెప్పి బటన్ నొక్కింది.

పన్నెండు మిల్లీమీటర్లు.

"అచ్ఛా! వచ్చిందా?"

"వచ్చింది," అంటూనే ఏడ్చేసింది.

"నవ్వి తప్పు చేశాను, ప్రసూనా," అతను తల దించుకున్నాడు. "ఇన్నేళ్లలో నీ చదువు గురించి ఒక్కసారైనా అడగలేదు."

శనివారం అతనికి రెస్ట్. స్కూటర్ మీద తనే కళాశాలకి తీసుకెళ్లి, సన్నటి జల్లులో గేటు దగ్గరే నిలబడ్డాడు. కూతురి పరీక్షకి వచ్చాడనుకుని కాపలాదారు పలకరించాడు: "బేటీ కా పేపర్ హై క్యా?"

"నహీ భాయ్," నాగేంద్ర నవ్వాడు. "మేరీ మిసెస్ కా!"

మధ్యాహ్నం ప్రసూన వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చింది.

"ఏటడిగారు?"

వెనక కూర్చుని ఆమె మొదటి ప్రశ్న నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాటైనా గాలికి పోకూడదని అతను స్కూటర్ నెమ్మదిగా నడిపాడు.