అమ్మ కోసం చేసిన డిస్కు

టీ గ్లాసులు ఇంకా బల్ల మీద ఉండగానే కొడుకు హాల్లో చతికిలబడి డీవీడీ ప్లేయర్‌తో కుస్తీ పట్టడం మొదలుపెట్టాడు. ప్లేయర్ డిస్కును లోపలికి లాక్కునేది, కాసేపు గరగరలాడేది, ఇది నా వల్ల కాదని తెర మీద రాసి చూపించి మళ్లీ బయటికి తోసేసేది.

"ఊళ్లో పెళ్లి వీడియోలన్నీ మీ చేతి మీదుగానే వెళ్తాయి. ఇంట్లో ఒక్క డిస్కు ఆడదేంటండీ?" అంది కోడలు, డ్యూటీకి తయారవుతూ. ఆమెకు కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం.

"డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించేశా. ఈ ముసలి ప్లేయర్‌కి అవి అర్థం కావు. దీనికి తెలిసిన ఫార్మాట్‌లోకి మార్చి, అప్పుడు ఎక్కించాలి. తెలియక కాదు, బద్ధకించా."

"ఫోన్‌లో చూపించేస్తే పోదా?"

"అమ్మకి వేలు నిలవట్లేదు కదా. ఒకటి నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంటుంది. అదే ఈ రిమోట్ అయితే ఎడం చేత్తో, చూడకుండా నొక్కేస్తుంది. తన పాఠం తనే పెట్టుకోవాలి, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలంటే మనకెక్కడ కుదురుతుంది?"

వాళ్లు మాట్లాడుకుంటున్నది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న తల్లి గురించే. ఆవిడ బస్టాండులో టికెట్ కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన మనిషి. ఆవిడ నోరు తెరిస్తే క్యూ దానంతటదే తిన్నబడేదని చెప్పుకునేవారు. అలాంటావిడకు పక్షవాతం వచ్చి కుడిచేయి సగం, మాట దాదాపు మొత్తం పోయాయి. ఎవరేమన్నా అర్థమవుతుంది, ఏమనాలో కూడా తెలుసు. తీరా నోటిదాకా వచ్చేసరికి మాట దొరకదు. మాటల డాక్టరమ్మ (ఇంట్లో అందరూ పిలిచే పేరదే) తనే మాట్లాడుతూ పాఠాలు రికార్డు చేసి, డౌన్‌లోడ్ చేసుకోమని కొడుక్కి లింకు పంపింది. రోజూ సాధన చేస్తే మాట తిరిగి వస్తుందని చెప్పింది.

ఆ సాయంత్రం కొడుకు స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫైళ్లన్నీ వరసగా పేర్చాడు. పెళ్లిళ్లలో పెద్దలు మైకు పట్టుకుని నీళ్లు నములుతుంటే, ఆ నమిలేదంతా తీసేసి వాళ్లను మహావక్తలుగా చూపించడంలో అతనికి మంచి పేరుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీలను దానంతటదే కోసేసే ఆప్షన్ అతని కంప్యూటర్‌లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఈ పాఠాలూ ఆ దారినే వెళ్లాయి. ప్లేయర్‌కు నచ్చే ఫార్మాట్‌లోకి మారాయి. పెద్ద పెద్ద అంకెలతో మెనూ పెట్టాడు, రంగులు సరిచేశాడు. అంతా ఒక్క డిస్కులోనే ఇమిడేసరికి తన పనితనానికి తనే మురిసిపోయాడు.

మర్నాడు ప్లేయర్ ఆ డిస్కును బుద్ధిగా మింగింది. డాక్టరమ్మ మొహం తెర మీదికి రాగానే తల్లి కళ్లు మెరిశాయి. ఎడం చేత్తో కొడుకు తల నిమిరింది. అతనికి అంతకంటే ఏం కావాలి? ఈల వేసుకుంటూ పనికి వెళ్లిపోయాడు.

కానీ ఆ మెరుపు నిలవలేదు. వారం తిరిగేసరికి ఆవిడ రిమోట్ ముట్టుకోవడం మానేసింది. కోడలు డిస్కు పెట్టి వెళ్తే, ఆమె గేటు దాటకముందే టీవీ ఆగిపోయేది. అంతకుముందు ఎలాగో వచ్చే 'నీళ్లు' అన్న మాట కూడా రావడం మానేసింది. గ్లాసు వైపు చూపిస్తే, "నీళ్లా అత్తయ్యా? ఇదిగో" అని కోడలు అందించేది. "అమ్మకి ఫ్యాన్ కావాలి" అని కొడుకు లేచేవాడు. ఆవిడ నోరు తెరిచేలోపే ఇంట్లో పనులన్నీ జరిగిపోయేవి.

"అంత కష్టపడి చేసిచ్చానమ్మా! కాస్త ప్రయత్నమైనా చెయ్యవేం?" అని ఒకరోజు విసుక్కున్నాడు కొడుకు. "చిన్నపిల్లలా మొండికేస్తే ఎలా?"

తల్లి ఏదో చెప్పబోయింది. పెదాలు వణికాయి.

"సరే సరే, రేపటినుంచి చేస్తానంటావ్, అంతేగా" అని అతనే పూర్తి చేసి లేచాడు. ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

ఈ సంగతులన్నీ ఫోన్లో విన్న కూతురు ఆదివారం పొద్దున్నే పెట్టెతో దిగింది. ఆమె తమ్ముడికంటే పెద్దది, ఎక్కడో దూరంలో కాపురం. నోరు మాత్రం అచ్చం తల్లిదే.

"అమ్మని నాతో తీసుకెళ్తున్నా" అంది చెప్పులు విప్పుతూనే.

"అదేంటక్కా, వచ్చీ రాగానే!"

"మరి? ఇక్కడుండి ఏం బాగుపడిందిరా? వచ్చే ఒక్క మాటా పోయింది. మా దగ్గర పెద్ద సెంటరుంది, రోజంతా నేర్పిస్తారు."

"డాక్టరమ్మ చెప్పినవన్నీ చేస్తున్నాం వదినా. ఆవిడే సహకరించట్లేదు" అంది కోడలు నెమ్మదిగా.

"సహకరించట్లేదా? మా అమ్మ సంగతి నాకు తెలీదా? పట్టుబట్టిందంటే వదిలే మనిషా?"

"నీకేం తెలుసు?" కొడుక్కి కోపం నషాళానికి అంటింది. "దూరంనుంచి ఫోన్లో సలహాలివ్వడం తేలిక. స్నానానికి చెయ్యిపట్టి తీసుకెళ్లేది మేము. అమ్మకి ఈ ఇల్లు వదలడం ఇష్టం లేదు."

"అని నీతో చెప్పిందా? అమ్మకి నా దగ్గరకి రావాలనుంది."

"అని నీతో చెప్పిందా?"

ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. తల్లి కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. కళ్లనిండా నీళ్లు.

కూతురు గబగబా వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. "ఏడవకమ్మా. ఇంక గొడవ పడం. నాతో ఒక్కసారి పాఠం చేస్తావా? డాక్టరమ్మని అడిగితే నాకూ లింకు పంపింది. ఇదిగో, నా ఫోన్లో ఉంది."

ఫోను తల్లి మొహానికి ఎదురుగా పట్టుకుంది. డాక్టరమ్మ నవ్వుతూ ఒక బొమ్మ ఎత్తి చూపించింది. "కిటికీ" అంది. అని, నోరు మూసుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

"నీ ఫోను ఆగిపోయింది" అన్నాడు కొడుకు.

"ఆగలేదు. ఆవిడ కళ్లార్పుతోంది, చూడు."

నిజమే. డాక్టరమ్మ ఊరికే చూస్తోంది. ఆ గదిలో ఎవరికీ అలవాటు లేనంతసేపు చూస్తోంది. తల్లి పెదాలు కదిలాయి. గొంతులో ఏదో గరగరలాడింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"కి... టి... కీ."

తెర మీద డాక్టరమ్మ అప్పుడు తల ఊపి, రెండో బొమ్మ ఎత్తింది.

కోడలు చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. ఆమెకు డిస్కులో విన్న పాఠం గుర్తొచ్చింది. కిటికీ, గ్లాసు, తలుపు, దుప్పటి అంటూ వంటింట్లోకి వినబడే ఆ గొంతు ఎక్కడా ఊపిరి తీసుకునేది కాదు. పాఠమంటే అలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. అసలు పాఠాన్ని తనెప్పుడూ చూడలేదు.

"ఏవండీ, మన డిస్కులో ఇంత ఆగదు కదా" అంది.

కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. డిస్కు చేసేటప్పుడు తెర మీద ఆ ఖాళీలు సన్నటి గీతల్లా కనబడటం, చకచకా మాయమవడం కళ్లముందు మెదిలింది. నీట్‌గా వచ్చిందని ఎంత సంబరపడ్డాడు! అమ్మ మాట్లాడాల్సిన చోటంతా కోసిపారేశాడు. ఆవిడ ఒక మాట కోసం వెతుక్కునేలోపు నాలుగు మాటలు పరిగెత్తి వెళ్లిపోయేవి. తన పని ఇక అయిపోయిందనుకుని ఉంటుంది. పైగా మొండికేస్తున్నావని తిట్లు కూడా తింది.

"నేనే అక్కా" అన్నాడు. "మధ్యలో ఖాళీలన్నీ నేనే తీసేశా. పనికిరానివనుకున్నా."

కూతురు ఏదో గట్టిగా అనబోయి తమ్ముడి మొహం చూసి మానేసింది. అతను తల్లి ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఎడంచేయి అతని వీపు మీద తట్టింది. చాల్లే, ఇంక లే అన్నట్టుగా.

మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా స్టూడియోకి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. అసలు ఫైళ్లు తీసి, కోతల ఆప్షన్ ఆపేసి, ఒక్క క్షణం కూడా ముట్టుకోకుండా ఉన్నవాటిని ఉన్నట్టే ఫార్మాట్ మార్చాడు. ఒక డిస్కులో పట్టలేదు, రెండయ్యాయి. సాయంత్రానికి ఇంటికి తెచ్చి ప్లేయర్‌లో పెట్టి, తల్లి పక్కనే కూర్చున్నాడు.

డాక్టరమ్మ గ్లాసు చూపించింది. నిశ్శబ్దం. కొడుక్కి నాలుక దురద పెట్టింది. 'గ్లా' అని అందించబోయాడు. తల్లి ఎడంచేత్తో అతని నోరు మూసేసింది. కోడలు పకపకా నవ్వింది. ఆవిడ మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండా, తన తీరికలో తను ఆ మాట అంది.

పాఠం ముగిశాక కూతురు టీవీ ఆపి తల్లికి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అమ్మా, నిన్ను అడక్కుండా నేనే తేల్చేశా. ఇప్పుడు అడుగుతున్నా. నాతో వస్తావా, ఇక్కడే ఉంటావా?"

ఈసారి ఎవరూ మాట అందించలేదు. వీధిలో ఒక బండి వెళ్లింది. కొడుకు రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కోడలు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. తల్లి నుదుటి మీద చెమట పట్టింది. ఒకసారి మొదలుపెట్టి తల అడ్డంగా ఊపి మానేసింది. మళ్లీ మొదలుపెట్టింది.

"నువ్... వే..." అని ఊపిరి తీసుకుంది. "నువ్వే... ఉండు. కొన్... నాళ్లు."

కూతురు నోరు తెరిచింది. ఏదో చెప్పాలనుకుంది గానీ ఒక్క మాటా పైకి రాలేదు. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, ఏమీ అందించకుండా, ఓపిగ్గా ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంది.