రేపల్లె దాకా లేపొద్దు

ప్రత్యూషకి ఉద్యోగం వచ్చిందన్న సంగతి ఆమె కంటే ముందు నాకు తెలిసింది. అప్పుడామె నా భుజం మీద నిద్రపోతోంది.

రేపల్లె పాసింజరు భట్టిప్రోలులో ఆగింది. ఆమె ఒళ్ళో ఫోను వెలిగింది. చూడకూడదనుకుంటూనే చూశాను. బాపట్లలో విత్తనాలు పరీక్షించే ల్యాబు. పర్మనెంటు పోస్టు. వారంలోగా చేరాలి. మూడేళ్ళుగా పరీక్షలు రాస్తున్నది ఇందుకోసమే.

గట్టిగా అరవాలనిపించింది. కానీ రేపల్లె దాకా లేపకూడదని మా పెళ్ళినాటి ఒప్పందం. పెళ్ళయి నలభై రోజులు కూడా కాలేదు, అప్పుడే మాట తప్పితే బావుండదు. లడ్డూ నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చున్నవాడిలా పల్లికోన స్టేషను కూడా దాటించాను.

ఆ ఒప్పందానికి మూలం, పెళ్ళికి ముందటి మా మొదటి తగాదా. నాది తెనాలి. రైస్ మిల్లుల్లో మిషన్లు బాగుచేసే పని. పోయిన ఏడు ఒక సాయంత్రం రేపల్లెలో బండంతా ఖాళీ అయిపోయినా కిటికీ పక్కన ఒకమ్మాయి నిద్రపోతోంది. పాపం అనుకుని లేపాను.

"ఏవండీ, రేపల్లె వచ్చేసిందండీ."

ఒక కన్ను తెరిచింది. "తెలుసండీ. రాక ఎక్కడికి పోద్ది?"

"అంటే, దిగడం మర్చిపోతారేమోనని."

"ఇక్కడితో పట్టాలే అయిపోయాయి. బండి నన్ను తీసుకుని ఇంకెక్కడికి పోద్ది చెప్పండి? మీది ఈ ఊరు కాదు కదా?"

"తెనాలండి."

"అదీ సంగతి," అని రెండో కన్ను కూడా తెరిచి నవ్వింది. ఆ రెండో కంటికే నేను పడిపోయాను.

అందుకే ఉద్యోగం వచ్చిన రోజు కూడా రేపల్లెలో బండి పూర్తిగా ఖాళీ అయ్యాకే లేపాను.

"రేపల్లె వచ్చిందా?" అంది కళ్ళు మూసుకునే.

"వచ్చింది. బాపట్లలో ఉద్యోగం కూడా వచ్చింది."

ఫోను రెండుసార్లు చదువుకుని నా చెయ్యి గిల్లింది.

"నీది గిల్లుకోవాలి కదా?"

"నాదయితే నొప్పి కదా."

నవ్వుతూనే కిటికీలోంచి తన స్టేషన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఆ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గడం నాకు కనబడింది.

మేముండేది వాళ్ళింట్లోనే, వెనక గదిలో. సంగతి చెప్పగానే మా అత్తగారు అనంతలక్ష్మి మెడలోంచి జాకెట్లు కొలిచే టేపు తీసి మా గది కొలవడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా అది?"

"ఇంకో కుట్టుమిషను పడుద్దేమోనని. ఇల్లరికం అల్లుడు బయల్దేరుతున్నాడుగా."

"నేనింకా వెళ్ళనేలేదు."

"వెళ్ళవా ఏంటి?"

ప్రత్యూష టేపు లాక్కుని చుట్టేసింది.

బస్సులో బాపట్ల గంటన్నరే. కానీ ఆమెకి బస్సు పడదు. చెరుకుపల్లి వచ్చేలోపు రెండు నిమ్మకాయలు వాసన చూసి మూడోదాని కోసం వెతుక్కుంటుంది. పోనీ రైల్లో అంటే, రోజూ తెనాలి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళి రావడం కుదరని పని. అక్కడే ఇల్లు తీసుకోవాలి. నాకు ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే, మిల్లు లేని ఊరు లేదు.

ఫోన్లో ఇళ్ళు చూపించాను. ఒకదానికి మెట్లు మరీ నిలువుగా ఉన్నాయంది. ఒకదానికి వంటగది ఇరుకంది. మూడోది అన్నివిధాలా బాగుంది.

"ఆ కిటికీ చూడు, ఎంత దిగులుగా ఉందో."

"కిటికీకి దిగులేంటి?"

"నీకు తెలీదులే."

తెలుసు. కిటికీకి ఏ దిగులూ లేదు.

గడువు రేపటితో అయిపోతుందనగా, నిలువు మెట్ల ఇల్లయినా చూసొద్దామని బయల్దేరదీశాను. తెనాలిలో బండి మారాం. నిడుబ్రోలు దాకా కబుర్లు చెప్పుకున్నాం. తర్వాత ఆమె తల నా భుజం మీద వాలింది, నా తల ఆమె తల మీద వాలింది. ఆమె జబ్బు నాకూ అంటుకుందని అప్పటిదాకా తెలియదు.

కళ్ళు తెరిచేసరికి బాపట్ల దాటిపోయింది, బోర్డు మీద చీరాల అని ఉంది.

గబగబా దిగి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాం. టీ తెచ్చిచ్చాను.

"ఇక్కడి దాకా వచ్చాం, చీరైనా కొనిపెట్టు," అని నవ్వబోయి ఆగిపోయింది. "చూశావా విష్ణూ, బాపట్లలో బండి రెండు నిమిషాలు ఆగి వెళ్ళిపోయింది. మనం దిగామా లేదా అని కూడా చూసుకోలేదు."

"రైలు అలా చూసుకోదు కదా."

"రేపల్లెలో నిద్రపోయినా ఇంటికి చేరతా. నేనెవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్కడ ప్రతిదానికీ మేలుకుని ఉండాలి."

"వద్దనుకుంటే వద్దు. నేనొక్క మాట కూడా అనను."

"మూడేళ్ళు చదివి తెచ్చుకుంది. వద్దని ఎలా అంటా?"

"సరే, చేరిపో."

"చేరతానని మాత్రం ఎలా అంటా?"

ఇక టీ తాగడమే మేలనుకున్నాను.

ఆమె లేచి, టికెట్లు తనే తెస్తానంది. వెనక్కి వెళ్ళే బండి బాపట్లలో ఆగుతుంది, తెనాలికీ వెళ్తుంది. ఏ ఊరికి తీసిందో చూపించకుండా బ్యాగులో వేసి జిప్పు లాగేసింది. ఒక్క మాట అననని చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

బండెక్కేసరికి జల్లు మొదలైంది. మా ఎదురుగా ఒక మామ్మగారు, తన కంటే పెద్ద చీరల మూటతో కూర్చుంది.

"అమ్మాయ్, కళ్ళజోడు మర్చిపోయి వచ్చా. బాపట్ల రాగానే కాస్త చెప్తావా?"

అడక్క అడక్క ఎవర్ని అడిగిందో అనుకుని నవ్వు ఆపుకున్నాను.

ప్రత్యూష నిటారుగా కూర్చుంది. చున్నీ కొసతో కిటికీ అద్దం తుడిచి బయటికి చూస్తోంది. పెళ్ళికి ముందూ తర్వాతా కూడా రైల్లో ఆమె అంత మెలకువగా ఉండడం నేను చూడలేదు. అద్దం సందులోంచి చెంప మీద వాన చుక్క పడినా తుడుచుకోలేదు.

"ఇది ఈపూరుపాలెం మామ్మగారూ. ఇంకా ఉంది."

నేను ఒక్క కునుకు తీయబోతే మోచేత్తో పొడిచింది.

"స్టువర్టుపురం దాటాం మామ్మగారూ. లేచి రెడీగా ఉండండి."

బాపట్లలో మూట తనే చంకనెత్తుకుంది. రెండో చెయ్యి మామ్మగారికిచ్చి మెల్లిగా దించింది. నేను గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఎక్కుతుందేమోనని చెయ్యి చాచాను. ఆమె మూటని బెంచీ మీద పెట్టి, జల్లులో నిలబడి నా వైపు చూసింది. బండి కూత వేసింది.

"ఇంకా అక్కడేం చేస్తున్నావు? దిగు," అంది.

దిగాను. బండి మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది.

"టికెట్లు ఎక్కడికి తీశావు?"

"తెనాలికి."

"మరి?"

"మరేంటి, మూట దించొద్దా?"

"దించాక ఎక్కే టైముంది."

"ఉంది." తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది. "ఎక్కబుద్ధి కాలేదు."

మామ్మగారు ఆమె చెయ్యి పట్టుకుంది. "మంచిపిల్లవి. ఏ ఊరమ్మా మీది?"

ప్రత్యూష ఒక్క క్షణం ఆలోచించింది. "రేపల్లె మామ్మగారూ. రేపట్నుంచి ఇక్కడే."

నాకు మళ్ళీ అరవాలనిపించింది. మళ్ళీ ఊరుకున్నాను, ఈసారి లడ్డూ నముల్తూ.

ఆ నిలువు మెట్ల ఇంటి ఓనరుకి ఫోను చేయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని గేటు వైపు లాగింది.

"నడుస్తూ మాట్లాడు. మెట్లు నిలువుగా ఉన్నా పర్లేదని చెప్పు. రేపు తొమ్మిదిన్నరకల్లా ల్యాబులో ఉండాలి, ఇవాళ ఇంటికెళ్ళి సామాను సర్దుకుని, పొద్దున్నే రేపల్లెలో మొదటి బండే ఎక్కేద్దాం. తెనాలి దాటాక నువ్వు హాయిగా పడుకో. బాపట్ల వస్తే నేను లేపుతా."