లేని బాడిగ

ఆదివారం పొద్దున ఛాయ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని అనప గింజలు పితుకుతోంది. రాత్రంతా నానిన గింజను బొటనవేలితో నొక్కితే పప్పు గిన్నెలోకి దూకుతుంది, తొక్క వేళ్ళకు అంటుకుంటుంది. చలికాలం వచ్చిందంటే బెంగళూరు మత్తికెరెలోని ఆ ఇంట్లో పితికిపప్పు కూర లేని ఆదివారం ఉండదు. భర్త శ్రీకాంత్ హాల్లో కూర్చుని పాలిటెక్నిక్ పిల్లల పేపర్లు దిద్దుకుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపు ఆ పితకడం? కందిపప్పు వేస్తే తినమా ఏంది?" అన్నాడు తల ఎత్తకుండానే.

"తినేటప్పుడు మాత్రం రెండోసారి మీరే అడుగుతారు," అంది ఛాయ.

గేటు చప్పుడైంది. ఓంకార్, సుశీల లోపలికి వచ్చారు. ఓంకార్ శ్రీకాంత్‌కి అన్న, పన్నెండేళ్ళు పెద్దవాడు. తండ్రి పోయినప్పుడు పదహారేళ్ళకే పీణ్య పారిశ్రామికవాడలో ఇనుము చెక్కే లేత్ మెషిన్ ముందు నిలబడి, తమ్ముణ్ణి ఇంజనీరింగ్ దాకా చదివించాడు. ఇప్పుడు అక్కడే రెండు లేత్‌లతో సొంత షాపు ఉంది. ఎప్పుడొచ్చినా ముందు ఫోన్ చేసి, అరటిపళ్ళు పట్టుకుని వచ్చే మనిషి. ఆ రోజు ఉత్త చేతులతో వచ్చాడు. అతని భార్య సుశీల చేతిలో మాత్రం కాగితాలతో ఉబ్బిన ప్లాస్టిక్ కవరు ఉంది.

"రండి వదినా! ఫోనన్నా చెయ్యకుండా వచ్చినారే. పితికిపప్పు వాసన నాగసంద్రలో మీ ఫ్లాటు దాకా వచ్చిందా?" అన్నాడు శ్రీకాంత్.

సుశీల నవ్వలేదు. సోఫా అంచున కూర్చుని, "తలుపుకు నోటీసు అంటించి పోయినారప్పా," అంది. "అరవై దినాల్లో అప్పు మొత్తం కట్టాలంట. లేకుంటే ఫ్లాటు స్వాధీనం చేసుకుని వేలం వేస్తారంట. పక్క ఫ్లాటోళ్ళు చదివి నాకు చెప్పినారు. ఈయప్పకు నాలుగు నెలలుగా కంతులు కట్టలేదని తెలుసు. నాకు ఒక్క మాట చెప్పలేదు."

ఛాయ బొటనవేలు గింజ మీద ఆగిపోయింది.

ఆ అప్పు ఇచ్చిన హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలోనే ఆమె ఉద్యోగం. అప్పు అడిగినవాళ్ళ ఆదాయం లెక్క చూసి, ఇవ్వచ్చో ఇవ్వకూడదో రాసే పని. బావగారి ఫైలు చూసిందీ ఆమే. బంధువుల ఫైలైతే ముందే చెప్పి పక్కవాళ్ళకు అప్పగించాలని నియమం. ఆమె చెప్పలేదు. రెండు నెలల కిందట బకాయిల జాబితాలో ఓంకార్ పేరు చూసింది. ఫోన్ చేద్దామనుకుంది. ఇవాళ, రేపు అనుకుంటూ చెయ్యలేదు.

"ఏమైందన్నా? షాపు బాగానే నడుస్తా ఉండాది కదా?" శ్రీకాంత్ గొంతు మారింది.

"మనకు పని ఇచ్చే ఫ్యాక్టరీ హొసూరు పక్కకు పోయిందిరా. సగం ఆర్డర్లు పోయినాయి. మళ్ళీ వస్తాయి అనుకుంటా ఉండాను," అన్నాడు ఓంకార్.

లాయరు కాగితాలన్నీ తెమ్మన్నాడని సుశీల కంపెనీకి వెళ్ళి నకళ్ళు తెచ్చింది. "ఇంగ్లీషులో ఉండాయి. నువ్వే చూసి చెప్పు," అని కవరు మరిది చేతిలో పెట్టింది. ఛాయ లేచి చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను మూడో పేజీలో ఉన్నాడు. అక్కడే ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇదేందన్నా? 'ఇతర ఆదాయం: మత్తికెరె ఇంటి మేడ గదికి బాడిగ, నెలకు పద్దెనిమిది వేలు.' మేం కట్టుకున్న ఈ ఇంటి మేడ మీద ఉండేది ఒక్క గది. దాంట్లో అమ్మ రుబ్బురోలు, నా పాత సైకిలు ఉండాయి. వాటి దగ్గర బాడిగ వసూలు చేస్తా ఉండావా?"

ఓంకార్ ఒక్క క్షణం ఛాయ వైపు చూశాడు. వెంటనే చూపు దించుకున్నాడు.

"రాసినాను. అప్పు కావాలంటే ఏదో ఒకటి చూపించాల కదా," అన్నాడు మెల్లగా.

"దొంగ లెక్క రాసినావా? నువ్వా?" శ్రీకాంత్ లేచి నిలబడ్డాడు. "ఒక పైసా ఎక్కువ తీసుకుంటే అన్నం సహించదని నాకు నేర్పించింది నువ్వే కదా! ఇంక ఆ కంపెనీని అని ఏం లాభం? నువ్వు చూపించింది నమ్మి వాళ్ళు ఇచ్చినారు. తాహతు చూసుకోకుండా తీసుకున్నోనిదే తప్పు. ఎంతున్నదో అంతలో ఉండాల. వదిన ముఖం చూడు ఒకసారి. ఛాయా, నువ్వు చెప్పు. రోజూ ఇట్లాంటోళ్ళనే చూస్తావు కదా?"

ఛాయ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. మూడేళ్ళ కిందటి మార్చి ఆఖరివారం కళ్ళ ముందుకొచ్చింది. బ్రాంచి టార్గెట్‌కి రెండు ఫైళ్ళు తక్కువ. ఓంకార్ ఆదాయానికి అంత అప్పు రాదు. మేనేజరు ఆమె టేబుల్ దగ్గరకొచ్చి, "కాగితం మీద ఆదాయం కనబడితే చాలమ్మా. రేపు ఏదన్నా అయితే ఇల్లు ఉంది కదా మనకి," అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఖాళీ గడిలో ఆ బాడిగ ఆమె తన చేత్తోనే రాసింది. సంతకం పెట్టడానికి వచ్చిన ఓంకార్, "ఇనుము లెక్క నాకు తెలుసు గానీ ఈ లెక్క తెలీదు తల్లీ. నువ్వు చెప్పు, నేను కట్టగలనా?" అని అడిగాడు. కట్టగలరు బావా అని చెప్పింది. ఆ నెల వచ్చిన ఇన్సెంటివ్‌తో ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది.

ఇప్పుడు ఆ మనిషి తన తమ్ముడి ముందు తలవంచుకుని తిట్లు తింటున్నాడు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. అతను చెప్పడు. చచ్చినా చెప్పడు. ఆమె తలుపు వదిలి హాల్లోకి వచ్చింది.

"ఆయన రాయలేదండీ. ఆ బాడిగ రాసింది నేను," అంది.

శ్రీకాంత్ అర్థం కానట్టు చూశాడు. ఓంకార్ చెయ్యి అడ్డం ఊపాడు. "ఊరుకో తల్లీ. అయిపోయిన మాట ఎందుకిప్పుడు?"

"ఊరుకునే ఇక్కడిదాకా తెచ్చినాను బావా. మీ ఆదాయానికి అంత అప్పు మోయలేరని నాకు ఆ రోజే తెలుసు. నెలాఖరు, ఫైళ్ళు తక్కువ పడినాయి. మీరు కట్టగలనా అని అడిగితే కట్టగలరని చెప్పినాను. వద్దని చెప్పడానికే కదా నాకు జీతం ఇచ్చేది! ఆ ఒక్క మాట చెప్పలేదు."

శ్రీకాంత్ సోఫాలో కూలబడ్డాడు. చేతిలో కాగితం ఇంకా అలాగే ఉంది. సుశీల మాత్రం లేచి ఛాయ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మేము అడిగినామని ఇచ్చేస్తావా? పసిబిడ్డ అడిగితే కత్తి ఇస్తామా? మన ఇంటిపిల్ల ఆఫీసులో ఉండాది, మోసం జరగదు అని నిద్రపోయినాను నేను. వేరేవాళ్ళయితే నాలుగుసార్లు అడిగి ఉందును. నిన్ను అడగలేదు!"

"నేను పసిబిడ్డనా సుశీలా?" అన్నాడు ఓంకార్.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఆ బాడిగ సంగతి నేను చూడలేదనుకుంటా ఉండారా? సంతకం పెట్టేటప్పుడు చూసినాను. నంబర్లు చదవడం రాదా నాకు? మేడ గది, పద్దెనిమిది వేలు. చూసినాను. చూసి కూడా పెట్టినాను. ముప్పై ఏండ్లు బాడిగ ఇండ్లలో ఉండినాను. సొంత తలుపుకు నా పేరు రాసుకోవాలని ఆశ. అవునని చెప్పే మనిషి కావల్సి వచ్చింది, అందుకే ఛాయమ్మ దగ్గరికి పోయినాను. బ్యాంకులో అడిగితే వద్దంటారని తెలుసు. ఆయమ్మ ఒక్కదాన్ని అంటే ఎట్లా?"

సుశీల కొంగుతో ముఖం కప్పుకుంది. "మీరిద్దరూ కలిసి నాకు చెప్పకుండా ఆట ఆడినారు. ఓడింది నేను," అని బయటికి నడిచింది. కాగితాలు సోఫా మీదే వదిలి ఓంకార్ ఆమె వెనకే వెళ్ళాడు. ఆ రోజు ఎవరూ కూర వండలేదు. పితికిన పప్పు గిన్నెలోనే నల్లబడింది.

శ్రీకాంత్ ఆ రాత్రంతా భార్యతో మాట్లాడలేదు. సోమవారం ఆమె జరిగిందంతా పెద్దాఫీసుకు ఒక ఉత్తరంలో రాసుకుని ఆఫీసుకు బయల్దేరుతుంటే చెప్పుల దగ్గర నిలబడి అడిగాడు.

"ఉద్యోగం పోతుందేమో, ఆలోచించుకున్నావా?"

"పోవచ్చు."

"సరే," అన్నాడు. కొంచెం ఆగి, "నేను పీణ్యకు పోయి అన్నను చూసొస్తా. మాటలు ఎక్కువైనాయి నిన్న," అన్నాడు.

ఉత్తరం చదివిన మేనేజరు తలుపు మూసి వచ్చాడు. "నీకేమన్నా పిచ్చా? ఒకరి అప్పు కోసం ఇంత గొయ్యి తవ్వుకుంటావా? ఇది పైకి పోతే మీ బావ మీద కూడా కేసు పెట్టచ్చు, తెలుసా?"

ఆ మాటకు భయపడి ఆమె మధ్యాహ్నం ఓంకార్‌కు ఫోన్ చేసింది. లేత్ చప్పుడులో అతను అరిచినట్టు చెప్పాడు: "పంపించు తల్లీ. పిలిస్తే నేనూ వస్తా."

మూడు వారాలకు పిలిచారు. రెసిడెన్సీ రోడ్డులోని పెద్దాఫీసులో ముగ్గురు అధికారులు. సస్పెన్షన్‌లో ఉన్న ఛాయ, ఉతికిన తెల్ల చొక్కాలో ఓంకార్, బల్లకు ఇవతల పక్కపక్కన కూర్చున్నారు. నడుమ కూర్చున్న పెద్దాయన ఫైలు తిరగేసి, "తప్పుడు ఆదాయానికి బాధ్యత ఎవరిది? సూటిగా చెప్పండి," అన్నాడు.

"సంతకం నాది సార్," అన్నాడు ఓంకార్. "ఇంటికి బదులు జైలంటే జైలుకు పోతాను. వేలం మాత్రం వద్దు. వేలంలో సగం ధర కూడా రాదు. నాకు టైమివ్వండి. నేనే అమ్మి మీ బాకీ తీరుస్తా."

"నువ్వేమంటావమ్మా?"

"రాసింది నేనే సార్, శిక్ష వెయ్యండి," అంది ఛాయ. "కానీ ఏ ఏడాదన్నా మార్చి నెలలో పాసైన ఫైళ్ళు తీసి చూడండి. ఎన్ని మేడ గదులు ఉన్నాయో, ఎంతమంది అద్దెకు ఉన్నారో ఎవరినన్నా పంపించి చూడండి. నా ఒక్కదానిదే తప్పయితే నేను సంతోషిస్తాను. కట్టలేరని తెలిసీ ఇచ్చినాం. ఇల్లు ఉంది కదా అని ఇచ్చినాం. ఆ ఇంట్లో మనుషులున్నారు సార్."

పెద్దాయన ఫైలు మూశాడు. పక్కాయన ఏదో రాసుకున్నాడు.

పది రోజుల తరవాత ఉత్తరం వచ్చింది. ఆరు నెలల గడువు, అదనపు వడ్డీ మాఫీ. సొంతంగా అమ్ముకోవచ్చు. కేసు మాటే లేదు. మార్చి ఫైళ్ళ మాటా లేదు. ఛాయకు ఉద్యోగం మిగిలింది గానీ అప్పులు మంజూరు చేసే పని తీసేసి, పాత రికార్డుల గదికి మార్చారు.

మూడో నెలలో ఫ్లాటు అమ్ముడుపోయింది. బాకీ తీరగా ఓంకార్ చేతికి కొద్దిగా మిగిలింది. ముందు పెట్టిన సొమ్ములో చాలా భాగం పోయినట్టే. ఇన్నాళ్ళూ సుశీల ఛాయతో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. ఉగాదికి పంపిన ఒబ్బట్ల డబ్బా తిరిగొచ్చింది, ఖాళీగా, కడిగి. తిన్నారని సంతోషించాలో, మాట కలపలేదని ఏడవాలో ఛాయకు తెలియలేదు.

ఒక శనివారం పొద్దున గేటు దగ్గర సుశీల కనబడింది. లోపలికి రాలేదు.

"దాసరహళ్ళిలో బాడిగ ఇండ్లు చూడాల. ఈయప్ప ప్రతి ఇంటికీ తల ఊపుతాడు. నువ్వు వస్తావా?" అంది.

ఛాయ తల ఊపి చెప్పులు వేసుకుంది.

మొదటి ఇల్లు రెండో అంతస్తు. గాలి, వెలుతురు. వంటిల్లు వెడల్పుగా ఉంది. బాల్కనీలో నిలబడితే దూరంగా మెట్రో రైలు పోవడం కనిపిస్తోంది. సుశీల గోడల మీద చెయ్యి పెట్టి నిమిరింది. ఎన్నో నెలల తరవాత ఆమె ముఖం విచ్చుకుంది. ఓనరు బాడిగ చెప్పాడు, అడ్వాన్సు చెప్పాడు. వెంట వచ్చిన ఓంకార్ అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు.

ఛాయ మనసులో షాపు ఆదాయం, కూలీలు, కరెంటు, ఇంటి ఖర్చు అన్నీ వేసి చూసుకుంది. మళ్ళీ ఒకసారి వేసింది. సుశీల బాల్కనీలోంచి తన వైపే చూస్తోంది.

"వద్దక్కా," అంది. "దీనికి సరిపోదు."

ఓంకార్ జేబులోంచి ఉత్త చెయ్యి బయటికి తీశాడు. సుశీల ముఖం వాడిపోవడం చూస్తుంటే ఛాయ కళ్ళు నిండాయి. చూపు మాత్రం తిప్పుకోలేదు.

సుశీల బాల్కనీ తలుపు మెల్లగా దగ్గరికి లాగి గడియ పెట్టింది. కొంగుతో కళ్ళొత్తుకుని బయటికి వచ్చింది. మెట్లు ఇరుకుగా, చీకటిగా ఉన్నాయి. సుశీల చెయ్యి చాపి ఛాయ చెయ్యి పట్టుకుంది.

"పద," అంది. "వెనక వీధిలో ఇంకొకటి ఉండాదంట, చిన్నది. చూసొద్దాం."