చీకటి గదిలో తెల్ల బల్బు

“ఎవరు పెట్టిండ్రు ఈ బల్బు?”

కీర్తిప్రియ అరుపుకు, ల్యాబు ఫ్యాను బాగుచేస్తున్న వెస్లీ నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. యాకుత్‌పురాలోని ఆ కంటి ఆసుపత్రిలో అతను ఎలక్ట్రీషియన్. ఆమె పై అంతస్తు ల్యాబులో పరిశోధన చేస్తోంది. రోజూ మసక ఎర్ర బల్బు కింద కళ్లు చికిలించుకుంటూ కూర్చుంటోందని జాలిపడి, పొద్దున్నే తెల్ల ఎల్‌ఈడీ తెచ్చి బిగించాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు.

“నేనే మేడమ్. మంచి వెలుగు...”

“ఆ వెలుగే నా కణాలను చంపింది!”

వెస్లీ బల్బు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. షాకు కొట్టి చావడం తెలుసు గానీ, వెలుగుకు చావడమేంటి?

ఆమె కళ్లు తుడుచుకుంది. “మా బాపుది మాదన్నపేటల నూనె దుకాణం. నూనె సీసా ఎండల పెడితే ఏమైతది?”

“ముక్కిపోతది.”

“కణం చుట్టూ ఉండే పొర కూడా సన్నటి కొవ్వే. నేను రంగు కలిపిన. ఎర్రది గాక వేరే వెలుగు పడంగనే ఆ రంగు ఆక్సిజన్‌ను రెచ్చగొడ్తది, అది పొరను కొరుకుతది. చిల్లులు పడి లోపలిదంతా కారిపోతది. ఎంత వెలుగుకు ఎంత కారుతదో కొలవాలె. నువ్వు ముందే అన్నిటికీ వెలుగు కొట్టినవ్!”

“మళ్ల చేయరాదా?”

“మూసి పెట్టిన ఒక్క డబ్బా కణాలే మిగిలినయ్. రేపు ఫలితం చూపియ్యకుంటే సీటు పోతది. ఇగ నేను పోవుడే.”

వెళ్లిపోయేవాళ్లకు దారి ఉంటుంది. మిగిలినవాళ్లకు చూస్తూ నిలబడే గుమ్మమే. వెస్లీ గబగబా ఎర్ర బల్బు తిరిగి బిగించి, కిటికీ సందులకు నల్ల టేపు అంటించాడు. ఫ్రిజ్ మీది పచ్చ చుక్కనూ మూసి, చేతి గడియారానికీ టేపు చుడుతుంటే ఆమె నవ్వాపుకుంది.

“ఇగ బయటికి పోకు. తలుపు తీస్తే వెలుగు వస్తది.”

ఆమె ఆ డబ్బా తెరిచి, కొన్ని కణాల మీద చిన్న దీపంతో కొలిచి వెలుగు వేయసాగింది. అతను మూలన కూలబడ్డాడు. ఎంతసేపైందో తెలియదు. కోపం తగ్గిందా? అడగాలా? గొంతు సవరించుకున్నాడు. మళ్లీ మళ్లీ సవరించుకున్నాడు.

“ఇంకెంతసేపు మేడమ్?”

“అయిపోయి అరగంటైంది. చీకట్లున్న పొరలు ఆగినయ్. వెలుగు పడ్డవి, ఎంత పడితే అంత కారినయ్. నేను ఏడికీ పోను.”

“మరి తలుపెందుకు తీయలే?”

“నువ్వు నాలుగుసార్లు గొంతు సవరించుకున్నవ్. ఏం చెప్తవో విందామని.”

వెస్లీ చెప్పాలనుకున్నదంతా ఒక్కసారే మరిచిపోయాడు.

“మీరు పోతరేమోనని... మస్తు భయమైంది,” అన్నాడు చివరికి.

“నాక్కూడ,” అందామె. తలుపు వైపు మాత్రం ఇద్దరూ కదల్లేదు.