మొలతాడు పూస

శేషవేణి పని నుంచి వచ్చి గాలిస్నానపు గదిలో నిలబడేసరికి అద్దానికి అవతల కొడుకు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాలుగు వైపుల నుంచీ వేడిగాలి కొడుతోంది. బట్టలు మార్చుకుంది, జుట్టు కడుక్కుంది, గోళ్లు రుద్దుకుంది. అయినా తలుపు పైన ఎర్రదీపం ఆరలేదు. రోజంతా వేరుశనగ చేలల్లో తిరిగే మనిషి ఒంటిమీద కంటికి కనపడని పొట్టుధూళి ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అది పూర్తిగా పోయిందని పిల్లవాడి మొలతాడుకున్న పూస ఒప్పుకునేదాకా ఆ తలుపు తెరుచుకోదు.

దాన్ని కాపుపూస అంటారు. కదిరిలోనే కాదు, ఎక్కడ బిడ్డ పుట్టినా పురుటి గదిలోనే మొలతాడుతో పాటు కట్టేస్తారు. పిల్లలు పెద్దయ్యాక అది మెడలోకి మారుతుంది. చర్మానికి ఆనుకుని ఉండి రక్తాన్ని చదువుతూ, బిడ్డకు ఆరో నెల నిండి అన్నం పెట్టే వేళకి ఏ పదార్థం పడదో చెబుతుంది. ఆ తర్వాత ఆ పదార్థం దగ్గరికి వచ్చిందంటే కీచుమని కూస్తుంది. ఆ కూత వినగానే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, బడి తలుపు మూసుకుంటుంది, బస్సు ఆగకుండా వెళ్లిపోతుంది. ఈ ఏర్పాటు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. తిండి పడక చనిపోయిన బిడ్డ ఒక్కరూ లేరని శిశు ఆహార మండలి ఏటా గర్వంగా ప్రకటిస్తుంది. అది అబద్ధమూ కాదు.

శేషవేణి కొడుకు ఓబులేశుకి నిన్నటితో ఆరో నెల నిండింది. పూస వేరుశనగ పడదని తేల్చింది. అంతటితో ఊరుకోకుండా తల్లిపాలలో కూడా వేరుశనగ జాడ ఉందనీ, పాలు మాన్పించి మండలి పంపే గుజ్జు మాత్రమే పెట్టమనీ చెప్పింది. బూడిదరంగులో ఉండే ఆ గుజ్జుకి రుచీ లేదు, వాసనా లేదు. ఇందాక ఆమె భర్త నాగేంద్ర చెంచాతో పెట్టబోతే పిల్లవాడు నోరు బిగించుకుని తల తిప్పేశాడు.

ఎర్రదీపం ఆరాక కూడా శేషవేణి బిడ్డను ఎత్తుకోలేకపోయింది. ఒంటిమీద ధూళి పోయినా పాలలో జాడ ఉంది కదా, చెయ్యి చాపగానే పూస కూసింది. ఆ మోతకు ఓబులేశు ఇంకా బెదిరిపోయాడు. తల్లిని చూసి కూసే వస్తువుని కొడుకు నడుముకి ఎవరు కట్టారన్న కోపం ఆమెలో ఆ క్షణంలో పుట్టింది.

నిజానికి ఈ ఇంట్లో ఇది మొదటిసారి కాదు. పదేళ్ల కిందట కూతురు మేఖలకూ పూస ఇదే మాట చెప్పింది. శేషవేణి అప్పుడు మారుమాట్లాడలేదు. పాలు ఆపింది, విత్తన క్షేత్రంలో ఉద్యోగం వదులుకుంది, మేఖల బడికి వెళ్లేదాకా ఇల్లు కదల్లేదు. తిరిగి ఉద్యోగంలో చేరాక, ఆమె గడపలో అడుగు పెట్టే వేళకి మేఖల తన గదిలోకి వెళ్లి తలుపేసుకోవడం అలవాటు చేసుకుంది. పని నుంచి వచ్చిన తల్లికి ఎదురుపరుగు తీయడమనేది ఆ పిల్లకి తెలియదు.

ఉద్యోగం మళ్లీ మానేస్తే సరిపోతుందేమోనని నాగేంద్ర మెల్లగా అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. బిడ్డకి ఏమవుతుందోనని భయపడ్డవాడు. శేషవేణి ఒకటే అడిగింది. తను గర్భంతో ఉన్నన్నాళ్లూ చేలో వేరుశనగ తిన్నది, ఈ ఆరు నెలలూ వాడు ఆ పాలే తాగాడు. ఒంటిమీద ఒక్క దద్దురు లేదు, ఒక్క వాంతి లేదు. మరి పడనిది ఎక్కడ?

నాగేంద్ర గుజ్జు గిన్నె మీద మూత పెట్టాడు.

"మేఖలప్పుడు చెప్పినట్టల్లా విన్నాను. ఈసారి వినను," అంది శేషవేణి.

పాత రైల్వే స్టేషను వెనక వీధిలో డాక్టర్ హసీనా చిన్న ఆసుపత్రి నడుపుతోంది. పూసలు రాకముందు పిల్లల డాక్టరుగా పనిచేసినవాళ్లలో ఊరికి మిగిలింది ఆమె ఒక్కతే. అప్పట్లో అనుమానమున్న పసివాళ్లకి ఆసుపత్రిలోనే, కళ్లముందే, కొంచెం కొంచెంగా ఆ పదార్థం తినిపించి చూసేవారు. దాన్ని నోటిపరీక్ష అనేవారు. పూసలు వచ్చాక మండలి ఆ పరీక్షను నిషేధించింది. పూస తీసిన బిడ్డను తన సంరక్షణాలయానికి తీసుకుపోయే అధికారం కూడా చేతిలో పెట్టుకుంది.

హసీనా పిల్లవాడి ఒళ్లంతా పరీక్షగా చూసింది. గజ్జి లేదు, ఆయాసం లేదు, బరువు బాగుంది.

"పూస అబద్ధం చెప్పదమ్మా," అంది. "అది రక్తంలో అనుమానాన్ని చూస్తాది. ఒంటికి పడతాదో లేదో నోట్లో పెడితేనే తెలిసేది. అసలు ఈ వయసులో రుచి చూపిస్తే చానామంది పిల్లలకి పడకపోవడమనేదే రాదు. దూరం పెట్టేకొద్దీ అనుమానం గట్టిపడతాది."

"ఏమన్నా అయితే?" అన్నాడు నాగేంద్ర.

"ఏమీ కాదని మాటివ్వను. అయితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అందుకే ఇంట్లో చెయ్యొద్దంటాను, నా ముందర చెయ్యమంటాను."

మండలి మనుషులు వస్తే తన పేరు చెప్పమంది. అలా చెప్పేటప్పుడు ఆ ముసలి గొంతు ఏమాత్రం తగ్గలేదు.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో కత్తెరతో మొలతాడు తెంపింది శేషవేణే. పూస కూస్తూనే ఉంటే హసీనా దాన్ని ఇనప డబ్బాలో పడేసి మూత పెట్టింది. వేయించిన వేరుశనగ పప్పుని వెన్నలా నూరి, రాగిజావలో పల్చగా కలిపారు. పక్కన పళ్లెంలో, వికటిస్తే గుచ్చడానికి సూదిమందు సిద్ధంగా ఉంది. నాగేంద్ర ఒళ్లో కూచున్న ఓబులేశు పెదవులకి హసీనా చెంచా కొసతో కాస్త రాసింది. వాడు మొహం వికారంగా పెట్టి, నాలుక చాపి, మళ్లీ లోపలికి తీసుకున్నాడు.

ఎదురుచూశారు. ఏమీ కాలేదు. ఇంకాస్త పెట్టింది. మళ్లీ ఎదురుచూశారు.

మూడోసారి పెట్టాక గడ్డం కింద ఎర్రగా మచ్చ తేలింది. నాగేంద్ర లేవబోయాడు. హసీనా అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పిల్లవాడి చొక్కా విప్పి వీపూ కడుపూ చూసింది, ఊపిరి విన్నది, గడ్డం తుడిచింది. శేషవేణి కళ్లు ఆ మచ్చ మీదే ఉన్నాయి. తను చేసింది పొగరా, ప్రేమా అన్న సందేహం మొదటిసారి కలిగింది. కాసేపటికి మచ్చ వెలిసిపోయింది. అది చొంగ కారి రాపిడి పెట్టిన ఎరుపు మాత్రమే. ఓబులేశు చెంచా పట్టుకుని నోటివైపు లాక్కున్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉంచి పంపించింది హసీనా. ఇంటికి వెళ్లాక వారంలో కొన్నిసార్లు తప్పకుండా పెడుతూనే ఉండాలనీ, మానేస్తే మళ్లీ మొదటికొస్తుందనీ, గింజలు మాత్రం గొంతుకి అడ్డం పడతాయి కాబట్టి ఎన్నడూ పెట్టొద్దనీ చెప్పింది. ఆ సాయంత్రం మేఖల గదికి దూరంగా, వంటింటి గుమ్మంలో కూచుని శేషవేణి కొడుక్కి మళ్లీ పాలిచ్చింది. కూతలేమీ లేని ఇల్లు ఆమెకే కొత్తగా అనిపించింది.

తమ్ముడికి నోటిపరీక్ష చేశారన్న సంగతి మేఖల దగ్గర దాచలేదు. ఆ పిల్ల మూడు రోజులు అన్నం కూడా తన గదిలోనే తింది. నాలుగో రోజు బడి నుంచి రాగానే సంచీ కింద పెట్టి తల్లి ముందు నిలబడింది.

"నాకేంటికి చెయ్యలేదు మా?"

శేషవేణి దగ్గర చాలా మాటలు ఉన్నాయి. అప్పుడు తెలియదనీ, భయపడ్డాననీ, అందరూ అంతేననీ. అవన్నీ నిజాలే.  "చెయ్యాల్సింది," అంది. "చెయ్యలేదు."

మేఖల ఏడవలేదు. తనకూ చెయ్యాలంది.

హసీనా ముందు ఒప్పుకోలేదు. చేతిమీద చర్మపరీక్ష చేస్తే పొక్కు పెద్దగా లేచింది. ఇన్నేళ్లు దూరం పెట్టడం వల్ల నిజంగానే పడకుండా పోయి ఉండొచ్చనీ, మొదట్నుంచే పడేది కాదో ఏమో ఇప్పుడెవరూ చెప్పలేరనీ, తిని చూడాల్సిన అవసరం లేదనీ ఆ పిల్లకి నచ్చజెప్పింది. మేఖల అంతా విని, తను దేనికి భయపడుతోందో తనకే తెలియదనీ, పూస కూస్తే పరిగెత్తడం తప్ప ఇంకేమీ రాదనీ అంది. బడిలో ఎవరికీ రాదనీ అంది. పదేళ్ల పిల్ల నోట ఆ మాట విని హసీనా ఒప్పుకుంది. తర్వాత సూదిమందు పళ్లెం తెచ్చి, సూదిని శేషవేణి చేతికిచ్చింది. తొడ బయటివైపు ఎక్కడ గుచ్చాలో, ఎంతసేపు నొక్కిపట్టాలో చూపించి, ఇది నీకూ పరీక్షేనంది.

మేఖల మెడలోని పూస కూడా ఇనప డబ్బాలోకి వెళ్లింది. పెదవికి రాసిన చిటికెడు వేరుశనగ వెన్నకే ఆ పిల్లకి తేడా తెలిసింది. నోరు దురద పెడుతోందని చెప్పింది. మెడ మీద దద్దుర్లు లేచాయి, పై పెదవి ఉబ్బింది, ఆపైన దగ్గు మొదలైంది. హసీనా "ఇప్పుడు" అనగానే శేషవేణి గుచ్చింది.  కాసేపటికి కూతురి దగ్గు తగ్గింది, పెదవి వాపు దిగింది. మేఖల మంచంమీద పడుకుని తొడ మీద నీలం మచ్చని తడిమి చూసుకుంటోంది. మళ్లీ పూస కట్టుకుంటావా అని హసీనా అడిగితే తల అడ్డంగా ఊపింది.

"పడదని ఇప్పుడు నాకు తెలుసు కదా. నేనే చూసుకుంటాను. సూది నా దగ్గరే పెట్టుకుంటాను," అంది.

పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారో, పూసలు మూగబోయాయని మండలికే తెలిసిందో, ఆ వారంలోనే ఒక అధికారి వచ్చాడు. సుధీంద్ర అని పేరు చెప్పాడు. ముప్పై దాటని మనిషి. పూసలు వచ్చిన తొలినాళ్లలో పుట్టినవాడు. ఇస్త్రీ చొక్కా కాలరు లోంచి అతని పూస కూడా కొద్దిగా కనిపిస్తోంది. మర్యాదగానే మాట్లాడాడు. పిల్లలిద్దరికీ రేపటికల్లా పూసలు తిరిగి కట్టాలనీ, లేకపోతే సంరక్షణాలయానికి తీసుకువెళ్లక తప్పదనీ చెప్పాడు. పరీక్ష చేసింది డాక్టర్ హసీనా అని శేషవేణి దాచకుండా చెప్పింది. నాగేంద్ర లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తీసుకుపోయేట్టయితే తమ నలుగురినీ తీసుకుపొమ్మన్నాడు. ఆ మాట అతని నోట వస్తుందని శేషవేణి కూడా అనుకోలేదు.

సుధీంద్ర నిట్టూర్చి మేఖల వైపు తిరిగాడు. "పూస లేకపోతే నీకు ప్రమాదం వచ్చిందని ఎట్లా తెలుస్తుందమ్మా?"

"నోరు దురద పెడతాది," అంది మేఖల. "ఇక్కడ దద్దుర్లు లేస్తాయి. పెదవి బరువైతాది. దగ్గొస్తే ఇంక ఆగకూడదు. తొడ మీద ఇట్ల గుచ్చి, ఆసుపత్రికి పోవాల." జేబులోంచి సూది తీసి, మూత విప్పకుండా, తొడకి ఆనించి చూపించింది. "మీకు ఏం పడదు సార్?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. "కోడిగుడ్డు," అన్నాడు.

"తింటే ఏమైంది?"

"తినలేదు. ఎప్పుడూ." అన్నాడతను. "మా ఇంట్లో అమ్మ కూడా నా ముందు తినేది కాదు."

 ఓబులేశు చాపమీద బోర్లాపడి, రాని మాటలేవో ఆడుకుంటున్నాడు. సుధీంద్ర వాడి ఉత్త నడుముని చూశాడు. చేతిలో నివేదిక రాసుకునే పలక వెలుగుతూనే ఉంది, అతను దానిమీద ఏమీ రాయలేదు. చివరికి దాన్ని ఆర్పేసి, కుర్చీ అంచుకి జరిగి, పిల్లకి మాత్రమే వినపడేంత మెల్లగా అడిగాడు.

"నొప్పేసిందా?"

"ఏసింది," అంది మేఖల. "తర్వాత తగ్గిపోయింది."

 అతని వేలు కాలరు లోపలికి పోయి పూసను పట్టుకుంది. తర్వాత శేషవేణి వైపు చూసి, ఆ డాక్టరమ్మ సాయంత్రం ఎన్నింటి దాకా ఆసుపత్రిలో ఉంటారని అడిగాడు.