ఆ వాక్యం ఆవిడ రాసింది కాదు

ఉదయం తొమ్మిదిన్నరకి వారపత్రిక ఆఫీసు లిఫ్టులో గూఢచారి డిపార్టుమెంటు కోడ్ నిపుణుణ్ణి ఎవరో కాల్చి చంపారు. సైలెన్సర్ పిస్టల్. చప్పుడు ఎవరి చెవినా పడలేదు. అతని పిడికిట్లో నలిగిన ప్రూఫు కాగితం ఒక్కటే దొరికింది.

పది గంటలకి చీఫ్ ఆ కాగితాన్ని ఏజెంట్ నైన్ ముందు పరిచాడు.

"డిటెక్టివ్ సీరియల్. ఈ వారం భాగం, రెండు రోజుల క్రితమే బజార్లోకి వచ్చింది. విదేశీ ముఠా తన మనుషులకి ఇందులోంచే ఆర్డర్లు పంపుతోంది. ఇవాళే ఏదో జరగబోతోందని కబురు. ఏ వాక్యమో కనిపెట్టు."

"కంప్యూటర్ ఏమంది?"

"చేతులెత్తేసింది. కథ నిండా గదులూ గడియారాలే."

నైన్‌కి పోయినవాడు పదేళ్ళ స్నేహితుడు. నెల క్రితమే ఆ పత్రిక ఎడిటర్ మీద అనుమానంగా ఉందన్నాడు. ఆమె అందగత్తె, మాటకారి, డిపార్టుమెంటుకి రహస్యంగా సమాచారం అందించే మనిషి. ఆమెకి పూచీపడి చేర్చుకున్నది నైనే. "నా అంచనా తప్పదురా" అని అప్పుడు నైన్ నవ్వేశాడు. ఇప్పుడు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముఠా నిఘా ఉంటుందని టెలిఫోన్ మెకానిక్ వేషంలో సీరియల్ రచయిత్రి ఫ్లాటుకి వెళ్ళాడు. డెబ్బై ఏళ్ళావిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఫోను బాగానే ఉంది బాబూ. నీ మొహమే బాగాలేదు. కూర్చో."

నిజం చెప్పి కాగితం చేతికిచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదువుతూ ఒకచోట వేలు ఆపింది. 'డిటెక్టివ్ ఏ సందేహమూ లేకుండా ఉత్తరపు మెట్లెక్కి మూడో గదిలో అడుగుపెట్టాడు. గడియారం పన్నెండు కొట్టింది.'

"ఇది నేను రాయలేదు. మావాడికి సందేహం లేకపోవడమా! గుమ్మం దాటేముందు పదిసార్లు తటపటాయిస్తాడు."

"అలాంటివాణ్ణి జనం ఎందుకంత ఇష్టపడతారండీ?"

"తెలివితేటలకని నేనూ అనుకునేదాన్ని. ఒకసారి మావాడు ఏ పాపం తెలియనివాణ్ణి పట్టించాడు. తప్పు తెలిశాక వాళ్ళింటికెళ్ళి తలొంచుకుని నిలబడ్డాడు. ఆ వారం వచ్చినన్ని ఉత్తరాలు మరెప్పుడూ రాలేదు. ఎప్పుడూ గెలిచేవాడి పక్కన పాఠకుడికి చోటెక్కడిది?"

"ఆఖరి ప్రూఫు ఎవరు చూస్తారు?"

"ఎడిటరమ్మ ఒక్కతే."

నైన్ కాగితం తీసుకుని లేచాడు. ఉత్తరపు మెట్లు, మూడో గది, పన్నెండు గంటలు. సభాభవనం మూడో గదిలో రెండు దేశాల ప్రతినిధులు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టబోయేది ఆ వేళకే.

పదకొండు యాభై నాలుగుకి, ఆ గది గుమ్మంలో సెక్యూరిటీ ఆఫీసర్ అడ్డుపడ్డాడు.

"రెండుసార్లు వెతికాం. మీ దగ్గర ఆధారమేంటి?"

"కథలో ఒక వాక్యం."

"ఖచ్చితంగా తెలుసా?"

ఈ ప్రశ్నకి ఇన్నేళ్ళూ నైన్ దగ్గర ఒకటే జవాబు, తెలుసని. ఇవాళ తల అడ్డంగా ఊపాడు.

"తెలీదు. పోయిన నెల ఖచ్చితంగా తెలుసన్నాను, ఇవాళ నా స్నేహితుడు పోయాడు. పొరబడి ఉంటే నా ఉద్యోగం తీయించండి. ముందు వాళ్ళని బయటికి పంపండి."

ఆఫీసర్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి పక్కకి తప్పుకున్నాడు.

గది ఖాళీ అయింది. నైన్ వాచీలోని డిటెక్టర్ మైకు స్టాండు దగ్గర సన్నగా కూసింది. స్టాండు అడుగున బాంబు. వైరు కత్తిరించేసరికి ఇంకా నాలుగు సెకన్లే మిగిలాయి.

మైకులు బిగించినవాడు వెనక గేటు దగ్గర దొరికాడు. ఎడిటర్ ఉత్తరపు మెట్లమీద విలేకరుల గుంపులో పట్టుబడింది. బేడీలు పడ్డాక కూడా చిరునవ్వు చెరగలేదు.

"నన్ను నమ్మింది నువ్వేగా?"

"నేనే."

సాయంత్రం స్నేహితుడి ఇంటి తలుపు తట్టాడు. అతని భార్య తీసింది.

"తను ముందే హెచ్చరించాడు వదినా. నేనే వినలేదు."

ఆమె క్షమించాననలేదు. తలుపు మాత్రం మూయలేదు.

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు.

"రిపోర్టులో బాంబు గురించి రెండు లైన్లు, నీ తప్పు గురించి నాలుగు పేజీలు. అదేం రిపోర్టయ్యా?"

"పైవాళ్ళు కోప్పడ్డారా సార్?"

"లేదు. ఇన్నేళ్ళలో వాళ్ళు చివరిదాకా చదివిన మొదటి రిపోర్టు ఇదేనట."