ప్రమాణ రక్తం

సూది గుచ్చిన వేలి నుంచి రక్తపు చుక్క సెన్సర్ మీద పడింది. కొత్త మిషను తెర మీద 2.6 అని కనిపించింది. మామూలుగా ఒకటికి అటూ ఇటూ ఉండాలి.

"ఇంకోసారి" అంది డాక్టర్ మృణాళిని.

ఆ వేలు కూర్మయ్యది. ఆ పరిశోధనశాలలో అటెండరు. యాభై రెండేళ్లున్నా గ్యాస్ సిలిండరు భుజాన వేసుకుని ఒక్కడే మేడెక్కగలడు. రెండోసారీ 2.6 వచ్చింది. మూడోసారీ అంతే.

"మిషను పాడైందేటమ్మా?" అన్నాడు.

మృణాళిని పట్నంలోని పెద్ద ల్యాబులో కొలిచి పంపిన రక్త నమూనా తీసి ఒక చుక్క వేసింది. సీసా మీద రాసి ఉన్న అంకే తెర మీదా వచ్చింది. మిషను బాగానే ఉంది.

ఆ తీరపు ఊళ్లలో ఎందరికో నొప్పి తెలియకుండానే మూత్రపిండాలు పాడవుతున్నాయి. అలా పాడైనప్పుడు రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది. దాన్ని మిషనులోని ఎలక్ట్రోడ్ సన్నని కరెంటుగా మార్చి కొలుస్తుంది. అయితే రక్తంలోని ప్రోటీన్లు ఎలక్ట్రోడ్ మీద మీగడలా పేరుకుని ఆ కరెంటును తగ్గించేస్తాయి. నీళ్లలో నిజం చెప్పే ఎలక్ట్రోడ్ రక్తంలో అబద్ధం చెబుతుంది. అందుకే పాత మిషనులో పక్కనే ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా పెట్టేవారు. మీగడ రెండింటికీ ఒకేలా పడుతుంది కనుక తేడా చూస్తే చాలు.

ఆ ఆరోగ్యవంతుడు కూర్మయ్య. ఆరేళ్ల కిందట అతని రక్తాన్ని పట్నంలో పరీక్ష చేయించి, ప్రమాణంగా ఎంచుకున్నది మృణాళినే. అప్పట్నుంచీ అతను నెలనెలా రక్తం ఇస్తున్నాడు. అతని రక్తంతో సరిపోలినవాళ్లంతా బాగున్నట్టు లెక్క.

కొత్త మిషనుకు ఎవరి రక్తమూ తోడు అక్కర్లేదు. అందులో రెండో ఎలక్ట్రోడ్ ఒకటుంది. పేరుకున్న మీగడ ఎంతో కొలిచి, ఆ మేరకు మొదటిదాని లెక్క సరిచేయడమే దాని పని. దాన్ని తయారు చేయడానికి మృణాళినికి నాలుగేళ్లు పట్టింది.

"నీ రక్తం మళ్లీ పట్నం పంపలేదు కూర్మయ్యా" అంది. "ఏటేటా పంపాల్సింది. నేనే పంపలేదు."

"అంటే నాకు జబ్బుందా?"

"ఉంది. చాన్నాళ్లుగా ఉన్నట్టుంది."

అతను వేలికి దూది అదుముకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మరి నాతో పోల్చి, బాగున్నారని పంపీసినోళ్లో?"

రిజిస్టరులో అలాంటివాళ్లు మూడు వేలమంది పైనే ఉన్నారు.

మర్నాడు పట్నం ల్యాబు కూడా అదే అంకె చెప్పింది. కూర్మయ్యకు మందులు మొదలుపెట్టారు. వారం తిరక్కుండా ఇద్దరూ కొత్త మిషను తీసుకుని ఆ తీరపు ఊళ్లలో ఒకటైన కొమరవలస వెళ్లారు.

బడి వరండాలో చేరిన జనానికి కూర్మయ్యే లేచి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. వాళ్లు అతన్ని ఎగాదిగా చూశారు.

"ఇంత మనిషికి జబ్బేటి?" అంది ఒక ముసలామె. "పాత మిషనే తేండమ్మా. అదే మంచిది."

"అది తప్పు చెప్పిందవ్వా" అంది మృణాళిని.

"మీరేగా అప్పుడు నిజమన్నారు!"

సగంమంది లేచి వెళ్లిపోయారు. పైడమ్మ అనే ఆవిడ మాత్రం తన భర్త తవుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అతను జీడితోటలో కూలి. మూడేళ్లు వరసగా బాగున్నావని చెప్పించుకున్నవాడు.

తెర మీద 3.4 వచ్చింది.

మృణాళిని చెప్పిందంతా తవుడు తలొంచుకుని విన్నాడు.

"మూడేళ్లూ బాగున్నావన్నారు, బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "పని చేసుకున్నాను, తిన్నాను, పడుకున్నాను. ఇవాళ మీరు మళ్లీ వచ్చారు. జబ్బొచ్చింది."

మృణాళిని చీటీ మీద అంకె రాసి చాపింది. తవుడు అందుకోలేదు.

పైడమ్మ తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఆస్పత్రికి ఏ బస్సెక్కాలమ్మా?" అని అడిగింది.